స్పీచ్ థెరపీ బ్యాచిలర్స్ అయింది, అప్పు మిగిలింది: మాస్టర్స్‌కి ఇంకో లోను తీసుకోవాలా?

డాలస్ శివారు నుంచి ఒక తల్లి 2026 మార్చి నెలలో రాసిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, ఇక్కడ సారాంశం మాత్రం ఇస్తున్నాం.

వాళ్ళ అమ్మాయి ఇక్కడే పుట్టిన సిటిజన్. 2021లో టెక్సస్‌లోనే ఒక యూనివర్సిటీలో కమ్యూనికేషన్ డిజార్డర్స్ బ్యాచిలర్స్‌లో చేరి 2025 మేలో పూర్తిచేసింది. నాలుగేళ్ళలో అమ్మాయి పేరు మీద ఫెడరల్ లోను 27,000 డాలర్లు అయింది. అందులో 8,000 అన్‌సబ్సిడైజ్డ్ (చదువుతుండగానే వడ్డీ పడే రకం). మూడో ఏడాది, నాలుగో ఏడాది తండ్రి పేరెంట్ ప్లస్ (తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్) లోను ఏడాదికి 11,000 చొప్పున తీసుకున్నారు. ఆయన గ్యాస్ స్టేషన్‌లో మేనేజరు, ఈమె డేకేర్‌లో పని చేస్తారు. పట్టా చేతికొచ్చాక అమ్మాయికి దొరికింది ఆటిజం ఉన్న పిల్లల దగ్గర బిహేవియర్ టెక్నీషియన్ పని, గంటకు 18 డాలర్లు. పిల్లవాడు రాని రోజు జీతమూ రాదు. ఇప్పుడు ఒక స్టాఫింగ్ కంపెనీ, స్కూళ్ళలో స్పీచ్ అసిస్టెంటుగా గంటకు 26 డాలర్లిస్తామంటోంది. మాస్టర్స్‌కి ఆరు చోట్ల అప్లై చేస్తే నాలుగు కాదన్నాయి. ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఆన్‌లైన్ ప్రోగ్రాంలో సీటిచ్చింది: రెండేళ్ళు, ఫీజు మొత్తం 82,000. మేలో గానీ సెప్టెంబరులో గానీ మొదలుపెట్టొచ్చు. ఇంకోటి ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ యూనివర్సిటీ: మొత్తం 30,000లో అయిపోతుంది, కానీ వెయిట్‌లిస్టు. ఒక బ్యాంకు 11 శాతం వడ్డీకి ప్రైవేటు లోను ఇస్తానంది, తండ్రి సంతకం కావాలట. తెనాలి దగ్గర ఉన్న స్థలం అమ్మేద్దామా అని కూడా ఇంట్లో చర్చ నడుస్తోంది.

ఆమె చివర్లో ఇలా రాశారు: “ప్రభుత్వ వెబ్‌సైటులో ఈ డిగ్రీకి జీతం వెతికితే ఏడాదికి ముప్పై వేలకు అటూ ఇటూగా కనిపించింది. మా అక్క కొడుకు కంప్యూటర్లు చదివి దానికి మూడింతలు తెచ్చుకుంటున్నాడు. అసలు ఈ చదువులో పెట్టడమే పొరపాటా? ఉన్న అప్పు మీద ఇంకో అప్పు చేయమంటారా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ అప్పు సంగతి ఏమని చెప్పాలి?”

సమాధానం

అమ్మా, ముందు ఆ ముప్పై వేల అంకె సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో భయమంతా అక్కడే మొదలైనట్టుంది.

మీరు చూసిన ప్రభుత్వ వెబ్‌సైటు కాలేజ్ స్కోర్‌కార్డు అయి ఉంటుంది. అది చూపించే జీతం, ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థుల్లో ఆ సమయానికి ఉద్యోగంలో ఉండి, ఎక్కడా చదువుకోని వాళ్ళది. మళ్ళీ కాలేజీలో చేరినవాళ్ళు ఆ లెక్కలో ఉండరు. కమ్యూనికేషన్ డిజార్డర్స్ చదివినవాళ్ళలో చాలామంది నేరుగా మాస్టర్స్‌కి వెళ్ళిపోతారు కాబట్టి, ఆ అంకెలో మిగిలేది మీ అమ్మాయిలాగా మధ్యలో ఆగినవాళ్ళ జీతాలే. అదే పేజీలో కనిపించే అప్పు కూడా విద్యార్థి సొంత ఫెడరల్ లోను మాత్రమే. పేరెంట్ ప్లస్‌ని విడిగా చూపిస్తారు, ప్రైవేటు లోన్లు అందులో ఉండవు. అంటే జీతం అసలు కంటే తక్కువగా, అప్పు అసలు కంటే తేలిగ్గా కనిపించే పేజీ అది. నర్సింగుకో కంప్యూటర్లకో ఆ అంకె చూసి నిర్ణయం తీసుకోవచ్చేమో గానీ, ఈ డిగ్రీకి కుదరదు.

ఎందుకంటే ఇది సగం లైసెన్సు. స్పీచ్-లాంగ్వేజ్ పాథాలజిస్ట్ కావాలంటే గుర్తింపు ఉన్న మాస్టర్స్, 400 గంటల క్లినికల్ అనుభవం (25 గంటలు పరిశీలన, 375 గంటలు స్వయంగా చేసినది), ప్రాక్సిస్ పరీక్షలో 162 మార్కులు, ఆ తర్వాత కనీసం 36 వారాలు, 1,260 గంటల ఫెలోషిప్ ఉండాలి. ఫెలోషిప్పులో జీతం ఇస్తారు, అది ఉద్యోగమే. ఇవన్నీ దాటినవాళ్ళకు 2024 మేలో దేశం మొత్తం మీద మధ్యస్థ జీతం ఏడాదికి 95,410 డాలర్లు అని కార్మిక గణాంకాల సంస్థ లెక్క. అయితే ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా కలిసిన అంకె అది, మొదటి ఏడాదే అంత చేతికొస్తుందనుకోవద్దు. నర్సింగ్ హోముల్లో, ఆసుపత్రుల్లో ఎక్కువిస్తారు. స్కూళ్ళలో తక్కువ, కానీ పది నెలల పని, టీచర్ల జీతాల పట్టిక. డాలస్ చుట్టుపక్కల పెద్ద స్కూలు డిస్ట్రిక్టులు కొత్త టీచరుకే 60,000 పైన ఇస్తున్నాయి గనక, మొదటి ఏడాదికి 65,000 అనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు.

కాబట్టి చదువులో పెట్టడం పొరపాటా అన్న ప్రశ్న పక్కన పెట్టండి. మిగతా సగం ఎంతకు దొరుకుతుంది, ఎవరి సంతకం మీద దొరుకుతుంది అన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సింది.

ఇక్కడ మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి ఉంది, అదే అన్నిటికంటే ముఖ్యం. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి గ్రాడ్ ప్లస్ లోను కొత్తవాళ్ళకు ఉండదు. ఇన్నాళ్ళూ మాస్టర్స్ ఫీజు ఎంతైనా, ఇంటి ఖర్చుతో సహా, ఆ లోనుతో గట్టెక్కేవాళ్ళు. ఇక నుంచి మాస్టర్స్ విద్యార్థికి ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లు మించి ఫెడరల్ అప్పు దొరకదు. లా, మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50,000 దాకా ఇస్తారు, కానీ విద్యాశాఖ ప్రతిపాదించిన ఆ జాబితాలో స్పీచ్ పాథాలజీ లేదు. మీవారు మళ్ళీ పేరెంట్ ప్లస్ తీసుకుందామనుకున్నా కుదరదు, అది బ్యాచిలర్స్‌కే.

అంటే సెప్టెంబరులో ఆ ప్రైవేటు ప్రోగ్రాంలో చేరితే రెండేళ్ళకు ఫెడరల్ నుంచి 41,000 వస్తుంది, మిగతా 41,000 బ్యాంకు దగ్గరే తేవాలి. నెలసరి లెక్క చూడండి. ఫెడరల్ 41,000కి 2025-26 రేటు 7.94 శాతం చొప్పున పదేళ్ళ వాయిదా నెలకు సుమారు 496 డాలర్లు (జులైలో రేటు మారుతుంది). బ్యాంకు 41,000కి 11 శాతం చొప్పున సుమారు 565. పాత 27,000కి సుమారు 290. మొత్తం 1,350 దాటుతుంది, చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ కలపకుండానే. 65,000 జీతంలో అమ్మాయి చేతికి వచ్చేది నెలకు 4,200 నుంచి 4,400. అందులో మూడో వంతుకు కాస్త తక్కువ అప్పుకే పోతుంది. మోయలేని బరువని అనను. కానీ ఆ 565 దగ్గర ఏ వెసులుబాటూ ఉండదు: జీతం తగ్గినా వాయిదా తగ్గదు, ప్రభుత్వ ఉద్యోగం చేసినా మాఫీ కాదు, అమ్మాయి కట్టకపోతే మీవారు కట్టాలి.

మేలో మొదలుపెడితే కథ వేరు. జూన్ 30 నాటికి ప్రోగ్రాంలో చేరి ఉండి, ఆ ప్రోగ్రాం కోసం జులై 1కి ముందే ఫెడరల్ లోను తీసుకుని ఉంటే, చదువు పూర్తయ్యేదాకా (గరిష్ఠంగా మూడు విద్యా సంవత్సరాలు) పాత పద్ధతే నడుస్తుంది. అంటే 82,000 మొత్తం ఫెడరల్ లోనుగానే తేవచ్చు. గ్రాడ్ ప్లస్ చౌకేమీ కాదు, 2025-26లో వడ్డీ 8.94 శాతం, పైగా మొదట్లోనే 4.228 శాతం ఫీజు కోసుకుంటారు. కానీ మీవారి సంతకం అక్కర్లేదు, ఆదాయాన్ని బట్టి కట్టుకోవచ్చు, మాఫీ దారి తెరిచే ఉంటుంది. ఆ యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఈ వారమే ఈమెయిలు పెట్టి రెండే ప్రశ్నలు అడగండి: మే బ్యాచిలో చేరితే లోను జులై 1కి ముందు విడుదలవుతుందా? మా అమ్మాయికి పాత పరిమితులే వర్తిస్తాయా? జవాబు ఈమెయిల్లోనే రావాలి. ఫోనులో “అవుతుందండీ” అన్న మాటకు ఆగస్టులో విలువ ఉండదు.

ఆన్‌లైన్ ప్రోగ్రాం విషయంలో ఇంకో రెండు చూడాలి. స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం ఆషా గుర్తింపు మండలి (సీఏఏ) జాబితాలో ఆ ప్రోగ్రాం పేరు ఉందా అన్నది ఒకటి. క్లినికల్ గంటల కోసం స్థలం ఎవరు వెతుకుతారన్నది రెండోది. “విద్యార్థి సహకరించాలి” అని రాసి ఉంటే, డాలస్‌లో సూపర్‌వైజర్లను వెతుక్కుంటూ మీ అమ్మాయే తిరగాలని అర్థం. ఒక సెమిస్టరు స్థలం దొరక్కపోతే చదువు ఆరు నెలలు వెనక్కి పోతుంది, ఫీజు, వడ్డీ మాత్రం నడుస్తాయి. పోయిన ఏడాది ఎంతమందికి ఆలస్యమైందని సూటిగా అడగండి.

వెయిట్‌లిస్టులో ఉన్న సీటు వస్తే మాత్రం ఇంత ఆలోచన అక్కర్లేదు. 30,000 మొత్తం ఫెడరల్ పరిమితిలోపే ఇమిడిపోతుంది, వాయిదా సుమారు 363, పాతదానితో కలిపి 653. ఇంట్లోనే ఉంటుంది. చాలా ప్రోగ్రాములు ఏప్రిల్ 15ని గడువుగా పెట్టుకుంటాయి, కదలిక ఆ తర్వాతే ఉంటుంది. పై చోట సీటొచ్చినవాళ్ళు వదులుకుంటే జాబితా జరుగుతుంది, ఒక్కోసారి జూన్‌లో కూడా పిలుస్తారు. ఏప్రిల్ మొదటి వారంలో అమ్మాయి చేత ఒక చిన్న ఈమెయిలు పెట్టించండి: మీ దగ్గర సీటొస్తే తప్పకుండా చేరతాను, ఈ మధ్య ఈ పని చేస్తున్నాను, జాబితాలో నా స్థానం ఎక్కడో చెప్పగలరా అని. ఇబ్బంది ఎక్కడంటే, మే బ్యాచి డిపాజిట్ ఈలోపే కట్టాలి, అది తిరిగి ఇవ్వరు. ఆ డిపాజిట్ పోయినా సరే అనుకునేంత తేడా ఈ రెండు ఫీజుల మధ్య ఉంది. అందుకే డిపాజిట్ కట్టి వెయిట్‌లిస్టు వదలకుండా ఉండటం తప్పేమీ కాదు.

ఇక స్టాఫింగ్ కంపెనీ ఉద్యోగం. గంటకు 26 అనగానే మనం నలభై గంటలు, యాభై రెండు వారాలు వేసి 54,000 అనుకుంటాం. స్కూలు లెక్క అలా ఉండదు. టెక్సస్‌లో మామూలుగా 187 పనిదినాలు, రోజుకు ఏడున్నర గంటలనుకుంటే 36,465 డాలర్లు. వేసవిలో జీతం రాదు. ఆరోగ్య బీమా ఎవరి ఖర్చో, పిల్లలు రాని గంటకు డబ్బిస్తారో లేదో ఒప్పందంలో చదవాలి. పనిలో చేరే ముందు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ (టీడీఎల్ఆర్) దగ్గర అసిస్టెంట్ లైసెన్సు తీసుకోవాలి: 25 గంటల పరిశీలన, 25 గంటల సహాయక అనుభవం అడుగుతారు. రెండోది బ్యాచిలర్స్‌లో కాకపోతే, లైసెన్సు వచ్చాక గడువులోపు సూపర్‌వైజరు దగ్గర పూర్తిచేస్తానని ప్లాను సమర్పించే వీలుంది. అసిస్టెంటు పరీక్షించి సమస్య నిర్ధారించకూడదు, థెరపీ ప్లాను రాయకూడదు. వేరొకరు రాసిన ప్లాను ప్రకారం పిల్లల చేత అభ్యాసం చేయిస్తుంది.

ఈ ఏడాది పని వల్ల మాస్టర్స్ చదువు తగ్గదు. 400 గంటల్లో కనీసం 325 మాస్టర్స్‌లోనే చేయాలి. లాభం వేరే చోట ఉంది: సిఫారసు ఉత్తరం బలంగా వస్తుంది, వ్యాసంలో రాయడానికి విషయం దొరుకుతుంది, ఈ పని తనకు నచ్చుతుందో లేదో అమ్మాయికే తేలుతుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల అప్పు పెంచుకునే ముందు ఆ సంగతి తెలుసుకోవడం చిన్న విషయం కాదు. మళ్ళీ అప్లై చేస్తే యూటీ డాలస్, డెంటన్‌లోని యూఎన్‌టీ, టెక్సస్ విమెన్స్ యూనివర్సిటీ లాంటి దగ్గరి ప్రభుత్వ చోట్లన్నిటికీ చేయాలి. కాదన్న నాలుగు చోట్లా ఎందుకు కాదన్నారో అడిగితే కొందరు చెబుతారు. మార్కులే కారణమైతే వ్యాసం తిరగరాసినా పెద్దగా మారదు. స్టాటిస్టిక్స్, ఫిజిక్స్ లాంటి కావలసిన సబ్జెక్టులో తక్కువ వచ్చి ఉంటే కమ్యూనిటీ కాలేజీలో మళ్ళీ రాయొచ్చు, ప్రోగ్రాం ఒప్పుకుంటుందని ముందే అడిగి.

మీరు అడగని దారి కూడా ఒకటి చెప్పాలి. అదే బ్యాచిలర్స్‌తో, ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ద్వారా స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు కావచ్చు. రాష్ట్ర టెక్సెస్ పరీక్షలు పాసైతే మొదటి ఏడాది నుంచే టీచరు జీతం, అసిస్టెంటు సంపాదన కంటే ఇరవై వేలకు పైగా ఎక్కువ. తక్కువ ఆదాయ ప్రాంతాల జాబితాలో ఉన్న స్కూల్లో ఐదేళ్ళు వరసగా పూర్తిచేస్తే ఆమె సొంత ఫెడరల్ లోనులో 17,500 దాకా మాఫీ ఉంటుంది. పని మాత్రం తేలిక కాదు: తరగతి నిండా పిల్లలు, కాగితాల పని బోలెడు, కొన్నేళ్ళకే మానేసేవాళ్ళూ ఉంటారు. స్పీచ్ థెరపీ మీద మనసున్న అమ్మాయికి ఇది రాజీ. మనసు ఊగిసలాడుతుంటే రాజీ కాకపోవచ్చు. ఆడియాలజీ వైపు చూడొద్దు, దానికి మామూలుగా నాలుగేళ్ళ డాక్టరేట్ కావాలి, అప్పు ఇంకా పెరుగుతుంది.

ఏ దారి ఎంచుకున్నా ఉన్న అప్పును ఊరికే వదలకండి. మేలో పట్టా వచ్చింది కాబట్టి ఆరు నెలల గ్రేస్ (వాయిదా కట్టనక్కర్లేని గడువు) నవంబరుతో అయిపోయింది. అది ఒక్కసారే ఇస్తారు. మాస్టర్స్‌లో కనీసం సగం లోడుతో చేరగానే పాత లోను వాయిదాలు ఆగుతాయి, కానీ మాస్టర్స్ అయిన మరుసటి నెల నుంచే ఆ 27,000కి బిల్లు మొదలవుతుంది. దీన్ని చాలామంది మర్చిపోయి మొదటి జీతం రాకముందే బాకీ పడతారు. ఈ ఏడాది ఉద్యోగమే చేస్తే, 2026 జులైలో వచ్చే కొత్త రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లానులో (ఆదాయాన్ని బట్టి కట్టేది) 36,465 ఆదాయానికి 3 శాతం, అంటే నెలకు 91 డాలర్లు. ఆ లోను మీద నెల వడ్డీ సుమారు 119. సమయానికి కడితే మిగతా వడ్డీ రద్దు చేస్తారు, పైగా అసలులో 50 డాలర్ల దాకా ప్రభుత్వమే తగ్గిస్తుంది. 290 కట్టలేక ఫోర్‌బేరెన్స్ (వాయిదాలు కొన్నాళ్ళు ఆపడం) అడగడం కంటే ఇది ఎంతో మేలు. ఫోర్‌బేరెన్స్‌లో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

పబ్లిక్ సర్వీస్ మాఫీ గురించి కూడా. ప్రభుత్వ స్కూలు డిస్ట్రిక్టులోనో లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనో 120 వాయిదాలు కడితే మిగతా ఫెడరల్ అప్పు పోతుంది. 65,000 జీతానికి కొత్త ప్లానులో నెలకు 325 వస్తుంది. మే బ్యాచిలో చేరి లక్ష దాటిన అప్పు చేసినా, పదేళ్ళు డిస్ట్రిక్టులోనే ఉండగలిగితే ఈ దారిలో నిలదొక్కుకోవచ్చు. రెండు చోట్ల జారిపోతుంది. స్టాఫింగ్ కంపెనీ జీతమిస్తే, రోజూ వెళ్ళేది ప్రభుత్వ స్కూలుకే అయినా లెక్కలోకి రాదు. చెక్కు మీద ఎవరి పేరుందో అదే ముఖ్యం. రెండోది, పెళ్ళయి వేరే ఊరు వెళ్ళి ప్రైవేటు క్లినిక్కులో చేరితే ఆ నెలలు లెక్కలోకి రావు. కట్టినవి పోవు, గడువు సాగుతుందంతే.

మీవారి 22,000 మీద వడ్డీ 8.05, 9.08 శాతం. ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన అప్పు అదే, వాయిదా నెలకు సుమారు 273. దాన్ని అమ్మాయి పేరుకు మార్చే వీలు ఫెడరల్ పద్ధతిలో లేదు. ఆమె మాస్టర్స్‌లో చేరితే దీన్నీ ఆపమని అడగొచ్చు, కానీ నెలకు 157 దాకా వడ్డీ పేరుకుంటుంది. ఆపినా ఆ వడ్డీ మేరకైనా కట్టండి.

తెనాలి స్థలం ఇప్పుడే అమ్మకండి. సీటు ఎక్కడో తేలకముందు అమ్మితే ఆ డబ్బు ఎంత కావాలో కూడా తెలియదు. పైగా మీరు ఎన్నారైలు కాబట్టి కొనేవాడు టీడీఎస్ పట్టుకునే డబ్బిస్తాడు. తక్కువ పట్టుకోవాలంటే ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అమెరికాలోనూ ఆ లాభం చూపించాలి. ఇదంతా నెలల పని, ఏప్రిల్ గడువుకు అందదు. ఎప్పటికైనా అమ్మితే ముందు తీర్చాల్సింది మీవారి ప్లస్ లోనే.

సంబంధాల సంగతి. పెళ్ళికి ముందు తీసుకున్న ఫెడరల్ లోను అమ్మాయిది. భర్త సంతకం పెడితే తప్ప అతనిది కాదు. ఆదాయాన్ని బట్టి కట్టే ప్లానులో మాత్రం ఇద్దరూ కలిపి పన్ను దాఖలు చేస్తే ఇద్దరి ఆదాయమూ లెక్కలోకి వచ్చి వాయిదా పెరుగుతుంది. దాచవద్దు. అడిగినవాళ్ళకు మొత్తం ఎంత, నెలకు ఎంత, ఎప్పటికి తీరుతుంది అని మూడు అంకెలు చెప్పించండి, అదీ అమ్మాయి నోటితోనే.

నా మొగ్గు ఎటంటారా? వెయిట్‌లిస్టు తెరిస్తే అటు. తెరవకపోతే మే బ్యాచి గురించి ఎయిడ్ ఆఫీసు రాతలో ఏమంటుందో చూసి, డిస్ట్రిక్టులో పదేళ్ళు చేయడానికి అమ్మాయి సిద్ధమైతే అటు. ఆ రెండూ కాకపోతే ఒక ఏడాది పని చేసి మళ్ళీ అప్లై చేయడం. 11 శాతం బ్యాంకు లోనుకు మీవారు సంతకం పెట్టే దారి ఒక్కటే నాకు నచ్చనిది. గడువు దగ్గర పడిందని ఆ కాగితాలు ముందుకు తోస్తే, ఎయిడ్ ఆఫీసు ఈమెయిలు వచ్చేదాకా వాటిని పక్కన పెట్టమనండి.